గోదావరి వెంట కడలికి



కరీంనగరము, ఆదిలాబాదు సీమలకు కడలి లేదు. ఇచ్చటివారికి మహాజలమన్న గోదావరియే. అయినను కోతలు ముగిసిన పిదప సముద్రమును చూచివత్తమని బయలుదేరువారు అనేకులు. వారిలో పెక్కురు కాళ్లు తడుపుకొని, పిల్లలకు గవ్వలు కొనిపెట్టి మరలుదురు. అది తప్పు కాదు. కాని గోదావరి ఒడ్డున పుట్టినవాడు ఆ తీరమున పరదేశి కాడని యెరిగి పోయినచో, చూచునది మరికొంత యుండును.

గోదావరి త్ర్యంబకమున పుట్టినది. పడమటి సముద్రము అచ్చటికి సుమారు 80 కిలోమీటర్ల దూరముననే కలదు. ఆ దగ్గరి దారి విడిచి, తూర్పునకు 1,465 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతమున కలియుచున్నది. త్రోవలో బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరములను ఒరసికొని పోవును. ఆదిలాబాదు కొండల నీటిని కడెము, కరీంనగరపు నీటిని మానేరు, విదర్భ నీటిని ప్రాణహిత తెచ్చి దానికి ఒప్పగించును. నీటితో మన్నును పోవును. ధవళేశ్వరము దిగువ నది పాయలుగ చీలి, వేలయేండ్లు ఆ మన్నును పరచగా ఏర్పడినదే కోనసీమ. అచ్చటి కొబ్బరితోటల నేలలో ఈ సీమ చేల మన్ను కొంత కలదు.

యాత్రికుడు మొదట అంతర్వేదికి పోవుట మేలు. వసిష్ఠపాయ సముద్రమును చేరు చోటు అది. ధర్మపురిలో శేషప్పకవి నరసింహశతకమున కొలిచిన స్వామియే అచ్చటను లక్ష్మీనరసింహుడై వెలసియున్నాడు. భీష్మైకాదశినాడు రథోత్సవము జరుగును. అచ్చట నది యొకదిక్కునకే పారదు. దినమునకు రెండుమార్లు పోటు వచ్చి ఉప్పునీరు ఎదురెక్కును, ఆటు వచ్చి తీయును. ఏటిలో ఈదనేర్చినవాడు ఈ భేదమెరుగక సముద్రమున దిగరాదు.

అచ్చటినుండి గౌతమిపాయవైపు సాగినచో కోరంగి. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. బర్మాకు పోయిన తెలుగువారిని అచ్చటివారు ఈ యూరి పేరిటనే కోరంగీలనిరి. 1789, 1839 ఉప్పెనలు దానిని కూల్చినవి. ఒండ్రు రేవును పూడ్చినది. నేడు అచ్చట చూడదగినవి మడ అడవులు. 1978లో అవి అభయారణ్యమైనవి. వాని వేళ్లు ఒండ్రును పట్టి, అలల పెట్టును తగ్గించును. కాకినాడ యెదుటనున్న హోపు ఐలండను ఇసుకదిబ్బయు గోదావరి తెచ్చిన ఇసుకతో పెరిగినదే. పట్టణమునకు అదియే గాలివానలో అడ్డు.

కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ. జాందానీ చీరలకు పేరుపొందిన ఊరు. అచ్చటి తీరమును చూచినవారికి వినోదబుద్ధి నిలువదు. సముద్రము ఏండ్లతరబడి ఒడ్డును కోయుచు, ఇండ్లను, తోటలను మ్రింగినది. కాకినాడ పోవు బాట పలుమార్లు తెగినది. రాళ్లు పోసినను అలలు లాగివేయుచున్నవి. లెక్కలలో నేలగా వ్రాయబడియున్నది కంటియెదుట నీరై యుండుటకంటె గృహస్థునకు దుఃఖమేమి కలదు?

దీనికి కారణము ఒకటి కాదు. తుఫానులు, అలల వాలు, రేవుకట్టడములు అన్నియు కలవు. ఆనకట్టల వెనుక మన్ను నిలిచిపోయి తీరమునకు చేరుట తగ్గినదనునదియు నొకటి. పోచంపాడున శ్రీరాంసాగరమునకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసెను. దాని కాలువ కరీంనగరపు బీడులను మాగాణులు చేసినది. ఆ జలాశయము మొదట 112 టి.ఎం.సి. నీరు పట్టునట్లు కట్టబడినది. పిమ్మటి కొలతలలో అది సుమారు 90కి దిగినది. తగ్గినంత చోటును మన్నే ఆక్రమించినది. ఎగువ జమయైనది దిగువ లోటైనది. ఆనకట్ట వలదనుట న్యాయము కాదు. అన్నము పెట్టినది అది. కాని ఎగువవాని పంటకు దిగువవాని ఒడ్డుతో లెక్క కలదని మరచుటయు న్యాయము కాదు.

కనుక తీరమునకు పోవువారు ఇసుకపై కూర్చుండి మరలక, అచ్చటి బెస్తవారితో మాటలాడవలెను. పోయిన ఏడు అల ఎచ్చటిదాక వచ్చినది, ఇల్లు ఎన్నిమార్లు వెనుకకు జరిపిరి, అని అడుగవలెను. కార్తికమున తుఫానుల భయముండును. మాఘము అనువైన కాలము.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండిన వేళ ఒక చిన్నకార్యము చేయదగును. త్ర్యంబకమునుండి అంతర్వేదివరకు గోదావరి పటమొకటి గోడకు వ్రేలాడదీసి, ధర్మపురిని, ఉప్పాడను ఎఱ్ఱసిరాతో గుర్తించినచో, పిల్లలు ఆ రెంటికి నడుమ నున్న సంబంధమును తామే అడిగి తెలిసికొందురు.

స్వస్తి.