కారే మరుగుదొడ్డిని ముందు మనమే చూసుకుందాం
(మహాజన సభలో ఒక గ్రామ సంఘం లీడరు మాట్లాడినది)

పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా వంతుకు మరుగుదొడ్డి వచ్చింది. నవ్వకండి.

స్వచ్ఛ భారత్ 2014లో మొదలయ్యాక 12 వేల సాయంతో మనలో చాలామందిమి లెట్రిన్లు కట్టుకున్నాం. కట్టినప్పుడు ఫొటోలు తీశారు. కారడం మొదలైతే చూడ్డానికి ఎవరూ రారు. మా సంఘంలో ఒక అక్క ఇంట్లో బేసిన్ చుట్టూ నీళ్ళు ఊరి, గోడ చెమ్మెక్కింది. లెట్రిన్ మూసేసి అందులో పిడకలు పెట్టుకున్నారు. వాళ్ళ కోడలికి అప్పుడు ఏడో నెల. ఆ పిల్ల చీకటి పడేదాకా ఆపుకుని, చెంబు పట్టుకుని కాలవ గట్టుకు పోయేది. మాటిమాటికీ పోలేక పగలు నీళ్ళు తాగడం మానేసింది. మేస్త్రీ వచ్చి మొత్తం పగలగొట్టాలన్నాడు. ఆ ఖర్చుకు అక్క సంఘంలో అప్పు అడిగింది. అప్పు ఇచ్చేముందు ఇల్లు చూడడం మన పద్ధతి కదా, అలా వెళ్ళి చూశాం.

నీళ్ళు కనబడిన చోటే కారుతోందని అనుకోవద్దు. ఒక పూట వాడకుండా గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. తరవాత కుళాయి కింద, బేసిన్ అంచు చుట్టూ పొడి బూడిద చల్లండి. ముగ్గుపిండి అయినా సరే. కుళాయి కట్టేసి ఉన్నా కింద బూడిద తడిస్తే కుళాయిదే తప్పు. బేసిన్‌లో బకెట్ నీళ్ళు పోశాక అంచు దగ్గర తడిస్తే అక్కడ అతుకు విడిందన్నమాట. ఆ అక్క ఇంట్లో రెండు చోట్లా తడిసింది.

కుళాయికి ముందు ట్యాంకు దగ్గర వాల్వు కట్టెయ్యాలి. కుళాయి తిప్పి పైపులో ఉన్న నీళ్ళు పోనివ్వాలి. పానాతో కుళాయి తల విప్పితే లోపల చిన్న రబ్బరు వాషరు ఉంటుంది. అది అరిగిపోయి ఉంటుంది. ఆ పాతది పట్టుకెళ్ళే కొత్తది తెచ్చుకోండి, నోటితో సైజు చెబితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. మరల దగ్గర కారుతుంటే టెఫ్లాన్ టేపు చుట్టాలి. మర బిగించే వైపుకే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడొస్తుంది.

బేసిన్ అంచుకు తెల్ల సిమెంటు చాలు. పాత పెచ్చులు గోకి, కడిగి, తెల్ల సిమెంటు చిక్కగా కలిపి సందులోకి వేలితో నొక్కాలి. చేతికి కవరు తొడుక్కోండి, చర్మం మండుతుంది. ఆ రోజంతా వాడకూడదు. ఆ ఒక్క రోజు ఆగలేకే చాలామందికి మళ్ళీ ఊడిపోతుంది. ఆ అక్క ఇంటివాళ్ళు ఆ రోజుకు పక్కింటివాళ్ళ లెట్రిన్ అడిగి వాడుకున్నారు. మొత్తం సామాను రెండు వందలు దాటలేదు. అప్పు అవసరం పడలేదు.

ఫ్లష్ ట్యాంకు ఉన్నవాళ్ళు ట్యాంకులో కాస్త మిఠాయి రంగు కలిపి అరగంట నొక్కకుండా వదిలెయ్యండి. బేసిన్‌లోకి రంగు దిగితే ట్యాంకు అడుగున రబ్బరు పోయినట్టు.

కొన్ని మన చేతిలో పని కాదు. బేసిన్ గొంతులో 20 మిల్లీమీటర్ల నీళ్ళు ఎప్పుడూ నిలబడి ఉండాలి, గుంట వాసన పైకి రాకుండా ఆపేది అవే. రాత్రి నిలిచిన నీళ్ళు తెల్లారేసరికి దిగిపోతుంటే కింద ట్రాప్ పగిలి ఉండొచ్చు. దానికి మేస్త్రీ కావాలి, అప్పుడు అప్పు అడగండి, తీర్మానం రాస్తాం. గుంటలోకి మాత్రం ఎవరూ దిగొద్దు, ఇంటాయన్ని గానీ కూలివాళ్ళను గానీ దింపొద్దు. లోపలి గాలికి మనిషి కేక వేసే లోపే పడిపోతాడు. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపి పొయ్యొద్దు, అదీ విషమే.

మా గ్రామ సంఘం ఆఫీసులో ఇప్పుడు ఒక సంచి పెట్టాం. పానా, స్క్రూడ్రైవరు, టేపు, నాలుగు సైజుల వాషర్లు ఉన్నాయి. మినిట్స్ పుస్తకాలున్న బీరువా కింది అరలో ఉంటుంది. పుస్తకంలో పేరు రాసి తీసుకెళ్ళండి. పానా కడిగి, తుడిచి తిరిగి పెట్టండి, లేకపోతే తుప్పు పడుతుంది.