ఎదురుదారి ప్రయాణం

సూళగిరి మీదుగా పోయే హోసూరు–కృష్ణగిరి రహదారి మీకు తెలిసిందే. ఒకప్పటి 7వ నంబరు, నేటి 44. నడుమ డివైడరు ఉంది కనుక అవతలికి మళ్లాలంటే మలుపు దాకా పోయి రావాలి. అంత చుట్టు ఎందుకని కొందరు రాంగ్ సైడులో వస్తారు.

లారీ గంటకు 80, ఎదురుగా మోటారుసైకిలు 40 కిలోమీటర్ల వేగంతో వస్తే, రెండూ సెకనుకు 33 మీటర్లు దగ్గరవుతాయి. నూరు మీటర్లలో కనిపిస్తే మిగిలేది మూడే సెకన్లు. రాత్రిపూట లారీ డ్రైవరు ఆ దీపం డివైడరు అవతలిదే అనుకుంటాడు.

మోటారు వాహనాల చట్టం 2019 సవరణ దీన్ని ప్రమాదకర డ్రైవింగులో చేర్చింది. మొదటి తప్పుకే జైలు పడవచ్చు.

పొలానికి, సంతకు పోయే మీ ఇంటివాళ్లకు చెప్పండి. చుట్టు తిరిగితే ఖర్చయ్యేది కాస్త పెట్రోలే.