గేటు ముందు నోట్‌బుక్కు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మేనేజ్‌మెంట్‌లో ఎం.ఫిల్ ఎందుకు చేశావని నన్ను చాలామంది అడిగారు. నలభై దాటిన ఇంజనీరు, ఉద్యోగం ఉంది, పిల్లలు చదువుకుంటున్నారు. ప్రమోషన్ కోసమే మొదలుపెట్టాను, అబద్ధం ఎందుకు? ఎం.బి.ఏ.లో ఇతరులు తేల్చింది చదువుకుంటాం. పరిశోధన డిగ్రీలో మనం ఒక ప్రశ్న పట్టుకుని, జవాబు తేల్చి, దాన్ని నలుగురి ముందు నిలబెట్టాలి. ఆ తేడా నాకు చేరాకగానీ తెలియలేదు.

మొదట 'ఉద్యోగుల ప్రేరణ' మీద ప్రశ్నావళి పంచుదామనుకున్నాను. గైడు గారు ఒప్పుకోలేదు. "మీ ఊళ్లో జనం ఏం తిట్టుకుంటారో అది తీసుకురా" అన్నారు. మనవాళ్లు ఏం తిట్టుకుంటారో మీకు చెప్పాలా? వానాకాలంలో పామాయిల్ గెలలు ఒక్కసారిగా వచ్చిపడతాయి. కోసిన గెల ఒక రోజులో మిల్లుకు చేరకపోతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. ట్రాక్టర్లేమో గేటు ముందే ఉంటాయి. మా నాన్న అన్నాడు: "ఇంత సదువు సదివి, మన బండి ఎన్నిటికి దిగుద్దో చెప్పగలవేంట్రా?"

అదే నా థీసిస్ అయింది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఒకటుంది. ఉదాహరణకు గంటకు 6 బండ్లు దిగే చోట సగటున 48 బండ్లు వరుసలో ఉంటే, ఒక్కో బండికి సగటు నిరీక్షణ 8 గంటలు. పుస్తకాల్లో ఇంకో మాట కూడా ఉంటుంది, విసుగొచ్చిన ఖాతాదారు వరుస వదిలి వెళ్లిపోతాడని. మన రైతు ఎక్కడికి వెళ్తాడు? 1993 నాటి ఆయిల్ పామ్ చట్టం ప్రకారం ఏ ప్రాంతం గెలలు ఏ ఫ్యాక్టరీకో ముందే నిర్ణయమై ఉంటుంది.

పొరుగు జిల్లాలో ఒక మిల్లు దగ్గర లెక్కకు దిగాను. కాటా చీటీ మీద తూకం వేసిన టైము ఉంటుంది, బండి వచ్చి వరుసలో నిలబడిన టైము ఉండదు. అందుకని గేటు బయట నోట్‌బుక్కుతో కూర్చున్నాను. రెండు రాత్రులు నిద్రపట్టేసింది. ఆ ఖాళీలు సగటు చూసుకుని నేనే నింపేశాను. ప్రాక్టికల్ రికార్డులో రీడింగులు 'సరిచేసే' విద్య నాకు చిన్నప్పటిదే. మాస్టార్లు నేర్పింది కాదు, ముందు బెంచీ మిత్రులం కలిసి సాధించింది.

గైడు గారు పేజీలు తిప్పి ఆగారు. "ఈ రెండు రాత్రులూ ఒక్క ట్రాక్టరూ చెడిపోలేదేమయ్యా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆయన అరవలేదు, ఎర్ర పెన్నుతో అడ్డంగా గీశారు. మళ్లీ వచ్చే సీజను దాకా ఆగమన్నారు. ఏడాది పోయింది, ప్రమోషనూ పోయింది. ఇంట్లో చాలా రోజులు అసలు కారణం చెప్పలేదు.

మరుసటి వానాకాలం నాన్న కూడా వచ్చి కూర్చున్నాడు. నాకు నిద్రొస్తే ఆయన రాసేవాడు. మిల్లువాళ్లు కావాలనే ఆలస్యం చేస్తున్నారని మా ఇద్దరికీ నమ్మకం. లెక్క అలా రాలేదు. సాయంత్రం మూడు గంటల వ్యవధిలో బండ్లన్నీ గుంపుగా వస్తున్నాయి, తెల్లవారుజామున కాటా ఖాళీగా ఉంటోంది. కారణం చెప్పింది నాన్నే. ముఠాలన్నీ ఒకే వేళకు కోత ఆపుతాయి, కిరాయి ట్రాక్టరు లోడు నిండందే కదలదు. ఊరివారీగా వేళలు పంచాలని థీసిస్‌లో రాశాను. డిగ్రీ వచ్చింది. ఆ మిల్లు దగ్గర వరుస మాత్రం తగ్గలేదు.

2022లో యూజీసీ ఎం.ఫిల్‌ను ఆపేసింది. ఈ దారిలో రావాలనుకునే తమ్ముళ్లు మద్రాస్ ఐఐటీ మేనేజ్‌మెంట్ విభాగంలో ఉన్న ఎం.ఎస్. రీసెర్చ్ లాంటివి చూడండి. లేదంటే నేరుగా పీహెచ్‌డీయే.

ఆ రెండు నోట్‌బుక్కులూ ఈ రోజు బడి లైబ్రరీకి ఇస్తున్నాను. మొదటి దాంట్లో ఎర్రగీత ఉన్న పేజీలు చించలేదు. రెండో దాంట్లో కొన్ని పేజీలు నాన్న చేతిరాత. నేను బండి నంబరు, టైము రాస్తే చాలనుకున్నాను. ఆయన డ్రైవరుది ఏ ఊరో, అన్నం తిన్నాడో లేదో కూడా పక్కన రాశాడు.