బలం తక్కువైన చేయే లెక్క చెప్పాలి



జోడెద్దుల బండి తోలినవారికి ఒక సంగతి తెలుసు. రెండు ఎద్దుల్లో ఒకటి బలహీనమైతే, రైతు కాడి కట్టు చోటును కాస్త బలమైన ఎద్దు వైపు జరుపుతాడు. బరువులో ఎక్కువ పాలు దాని మెడ మీద పడుతుంది. బండి నడుస్తుంది. కాని బలహీనమైన ఎద్దు అలాగే ఉండిపోతుంది. బరువులెత్తే మనిషి ఒంట్లోనూ ఇదే సర్దుబాటు జరుగుతుంది. తేడా ఏమిటంటే, రైతు తెలిసి చేస్తాడు, ఒళ్లు మనకు చెప్పకుండా చేస్తుంది.

1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లో ఒంటిచేత్తో బరువెత్తే పోటీ వేరుగా ఉండేది. బ్రిటన్‌కు చెందిన లాన్‌స్టన్ ఎలియట్ 71 కిలోలెత్తి అందులో గెలిచాడు. 1928 నుంచి ఒలింపిక్స్‌లో ఒంటిచేతి పోటీలు లేవు. ఒంటిచేత్తో ఎత్తితే ఏ చేతిలో ఎంత సత్తువ ఉందో తేలిపోతుంది. రెండు చేతులతో ఎత్తేటప్పుడు ఒకదాని లోటు రెండోదాని చాటున దాగుతుంది.

మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్య పతకం సాధించారు. ఈ పోటీల్లో బరువు తలపైకి చేరగానే సరిపోదు. రెండు చేతులూ పూర్తిగా చాచి, రెఫరీ దించమనేదాకా కదలకుండా నిలబడాలి. ఒక పక్క బలం చాలకపోతే అక్కడ నిలవడం కష్టం.

మీ ఊళ్లో దాన్ని గరడి అన్నా, తాలీమ్ అన్నా, అఖాడా అన్నా, జిమ్ అన్నా, మీరు చేయవలసిన పరీక్ష ఒకటే. ముందు సామాను చూడండి. పాత బరువు బిళ్లల మీద రాసిన అంకె నిజం కాకపోవచ్చు. కాటా మీద తూచండి. బార్ మధ్య నుంచి రెండు చేతులూ సమాన దూరంలో ఉన్నాయా, నేల చదునుగా ఉందా చూడండి. ఆ తరువాత మీ స్నేహితుణ్ణి వెనక నిలబెట్టి, బార్ ఏ పక్కకు ఒరుగుతోందో చెప్పమనండి.

ఇప్పుడు ఒక డంబెల్ తీసుకుని ఒక్కొక్క చేత్తో తలపైకి ఎత్తండి. నడుము వంచకుండా ఒక చేయి 9 సార్లు, రెండోది 8 సార్లు ఎత్తితే దిగులు పడకండి. కుడిచేతివాటం, ఎడమచేతివాటం ఉన్నవారికి ఆ మాత్రం తేడా సహజం. ఒకటి 10, రెండోది 6 అయితే మాత్రం శ్రద్ధ పెట్టాలి.

మందు చాలా సులువు. వారానికి రెండు రోజులు డంబెల్స్‌తో చేయండి. ఎప్పుడూ బలహీనమైన చేత్తోనే మొదలుపెట్టండి. అది 7 సార్లు ఎత్తితే, బలమైన చేయి అదే బరువు 7 సార్లే ఎత్తాలి. ఇంకా ఐదుసార్లు ఎత్తగలిగినా ఆపాలి. మన పౌరుషానికి ఇదే కష్టం! ఇలా మూడు విడతలు చేశాక, బలహీనమైన చేతికి మరొక విడత కలపవచ్చు. కాళ్లకైతే ఒక్కొక్క కాలితో బల్ల ఎక్కి దిగండి. జర్క్‌లో ఎప్పుడూ ఒకే కాలు ముందుకు వేసేవారు తేలిక బరువుతో రెండో కాలూ ముందుకు వేసి అలవాటు చేయండి. ఈ రోజుల్లో బార్ మీద బరువు కాస్త తగ్గించి, తిన్నగా ఎత్తండి. నాలుగు వారాలకొకసారి లెక్క చూసుకోండి.

చేతికి కట్టు వేసుకున్నవారికి ఒక ఊరట. 1894లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ బృందం, ఒక చేతికి శిక్షణ ఇస్తే రెండో చేతికీ కొంత బలం వస్తుందని గమనించింది. నరాలు ఆ పని నేర్చుకోవడమే ఇందుకు ముఖ్య కారణం. కాబట్టి డాక్టరు సరేనంటే బాగున్న చేత్తో కసరత్తు కొనసాగించండి, అది వృథా పోదు.

ఒక హెచ్చరిక కూడా వినండి. ఒక చేయి ఉన్నట్టుండి నీరసించినా, తిమ్మిరెక్కినా, కింద పడ్డాక భుజం పైకి లేవకపోయినా అది కసరత్తుతో తీరే లోటు కాదు. వెంటనే డాక్టరుకు చూపించండి. ఉన్నట్టుండి ముఖం ఒక పక్కకు లాగినా, మాట తడబడినా ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకండి.

బలమైన చేతిని కాసేపు ఆగమనడం దాన్ని చిన్నబుచ్చడం కాదు. తోడు వచ్చేదాకా ఆగమనడమే. జోడెడ్లు సమానంగా లాగిన రోజున బండి ఎంత తిన్నగా పోతుందో మీకు నేను చెప్పాలా?