గృహనిర్మాణపు దరఖాస్తులు – ఊరి పెద్దఱికము
(దొంకేశ్వర్ వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు మాటలాడుటకు ఈ వేదికమీద సమర్థులు పెక్కుమంది కలరు. నాకు అప్పగింపబడిన విషయము వానివలె మనోరంజకమైనది కాదు. ఇల్లు కట్టుకొనగోరువాడు పెట్టు దరఖాస్తును ఊరిసభ యెట్లు విచారింపవలెను, ఇప్పుడెట్లు విచారింపబడుచున్నది, అందు మన సంఘమునకు గల బాధ్యత యేమి అనునదియే నా యుపన్యాస విషయము.

ఇది శుష్కవిషయమని తలపవలదు. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలు ఊరక అనలేదు. పెండ్లికి అడ్డము వచ్చువారు బంధువులే. ఇంటికి అడ్డము వచ్చువారు ఊరందఱును కావచ్చును. బీదవాడు తన జీవితములో అధికారముతో ముఖాముఖి నిలువబడు సందర్భములు మూడో నాలుగో యుండును. అందు ఇంటి దరఖాస్తు ఒకటి. ఆ దినమున అతనికి న్యాయము జరిగినచో ఊరు తనదని నమ్మును. జరుగనిచో జన్మాంతము తలవంచి నడచును.

మన ప్రాంతపు స్థితి

మన దొంకేశ్వర్ 2022 సంవత్సరమున నందిపేట మండలమునుండి విడివడి కొత్త మండలమునకు కేంద్రమైనది. కచేరీలు వచ్చినచోట ఇండ్లును, అంగళ్లును పెరుగును. నిన్నటిదాక పసుపు పండిన చేలలో నేడు హద్దురాళ్లు పాతబడుచున్నవి. మఱొకప్రక్క శ్రీరామసాగరపు వెనుకజలములు మన పల్లెల పొలిమేరలను తాకుచున్నవి. ఆ జలాశయమునకు 1963 సంవత్సరమున నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. దాని పూర్తి నీటిమట్టము 1091 అడుగులు. కావున మనకు ఇంటిస్థలమన్న మాట పసుపుచేనికిని నీటికిని నడుమనున్న నేలకే చెల్లును. నేల తక్కువయైనకొలది తగవు ఎక్కువగును.

ఒక యుదాహరణము చాలును. పసుపు కాడిని గోళను వేఱుచేసి, ఉడుకబెట్టి, రెండువారములపాటు కల్లములో ఆరబోయుట మీ యెఱుకలోనిదే. ఆ కల్లమునకు ఆనుకొని యొకడు మేడ కట్టదలచెను. కల్లమువాడు తన యెండ పోవునని మొఱపెట్టును. మేడవాడు తన స్థలము తన యిష్టమనును. ఇరువురి మాటయందును కొంత సబబు కలదు. దీనిని తీర్చుటకు దారులు రెండే. మొదటిది, ఎంత యెత్తు, ఎంత యెడము అని ముందే వ్రాసియున్న నిబంధనను ఇరువురికిని సమముగా చూపుట. రెండవది, ఎవని వెనుక ఏ పెద్దమనుష్యుడున్నాడో చూచి తీర్పు చెప్పుట. నా యుపన్యాసమంతయు ఈ రెండు దారులను గూర్చియే.

చట్టము చెప్పినది

రాజ్యాంగమునకు జరిగిన 73, 74 సవరణలు 1993 సంవత్సరమున అమలులోనికి వచ్చినవి. గ్రామీణ గృహవసతి పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో చేరినది. పట్టణ ప్రణాళిక పురపాలక సంఘములకు అప్పగింపదగిన 18 విషయములలో మొట్టమొదటిదైనది. తెలంగాణమున 2018 సంవత్సరపు పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామములో ఇల్లు కట్టుటకు పంచాయతీ అనుమతి పొందవలయును. చిన్న కట్టడములను పంచాయతీయే తేల్చును. హద్దు మీరినచో పట్టణ గ్రామీణ ప్రణాళికా శాఖవారి సాంకేతికానుమతి కావలయును. 2002 సంవత్సరపు నిబంధనలు ఆ హద్దును 300 చదరపు మీటర్ల స్థలముగను, 10 మీటర్ల యెత్తుగను నిర్ణయించినవి. ఊరు పట్టణాభివృద్ధి సంస్థయొక్క పరిధిలో చేరినదా లేదా అని ముందుగా విచారించుకొనవలెను. చేరినచో దారి కొంత మాఱును.

దరఖాస్తు వచ్చిన పిమ్మట పరీక్షింపదగినవి ఐదు. స్థలము దరఖాస్తుదారునిదేనా? అది వ్యవసాయభూమియైనచో వ్యవసాయేతరమునకు మార్చబడినదా? ముందున్న బాటకును, ప్రక్కవాని గోడకును తగిన యెడము విడువబడినదా? మురుగునీరు ఎటు పోవును? చెరువు, కుంట, బాట, దేవాలయభూమి, సర్కారుభూమి యేదియు ఆక్రమింపబడలేదు గదా? ఈ ప్రశ్నలలో దరఖాస్తుదారుని కులము లేదు, పార్టీ లేదు, గత యెన్నికలలో అతడెవరి ప్రక్కను నిలిచెనన్నది లేదు. నీటి విషయములో నియమము మఱియు స్పష్టము. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుయొక్క పూర్తి నీటిమట్టపు గీటునుండి 30 మీటర్లు, అంతకు చిన్న కుంటకు 9 మీటర్లు విడువవలెనని 2012 సంవత్సరపు భవననిర్మాణ నిబంధనలు చెప్పుచున్నవి. వరదనీరు వచ్చునప్పుడు ఎవరి యిల్లు అని అడిగి రాదు గదా!

గ్రామకంఠములో ఒక చిక్కు కలదు. తాతలనాటి యింటికి పట్టా కాగితముండదు. ఇంటిపన్ను రసీదు మాత్రముండును. పన్ను రసీదు స్వాధీనమునకు సాక్ష్యమగునేగాని హక్కునకు పత్రము కాదు. బీదవాని దరఖాస్తు పెక్కుసారులు ఇచ్చటనే ఆగిపోవును. పెద్దమనుష్యుని అవసరము ఇచ్చటనే పుట్టును.

పట్టణములలో వచ్చిన మార్పు

పురపాలక పట్టణముల పద్ధతి వేఱు. 2020 సంవత్సరపు భవనానుమతుల చట్టము, స్వీయధ్రువీకరణ యను పద్ధతిని తెచ్చినది. 75 చదరపు గజముల లోపు స్థలములో నేలయంతస్తు, దానిపై నొక యంతస్తు కట్టువానికి అనుమతియే అక్కఱలేదు. ఒక్క రూపాయి చెల్లించి నమోదు చేసికొన్న చాలునని ఆ చట్టము చెప్పినది. 500 చదరపు మీటర్లవఱకు, 10 మీటర్ల యెత్తువఱకు దరఖాస్తుదారుని ప్రమాణముమీదనే తక్షణానుమతి. అంతకు మించినవానికి 21 దినముల గడువు. గడువులో ఉత్తరువు రాకున్న అనుమతి యిచ్చినట్లే భావింపవలెను.

ఇందుచేత కౌన్సిలరుగారి యింటిచుట్టు తిరుగు పని తగ్గినది, ఇది మేలు. కాని అబద్ధపు ప్రమాణము చేసినవాని భారము ఇప్పుడు వానిపైననే పడును. కట్టినపిదప పరీక్షించి కూల్చు నధికారము ప్రభుత్వమునకు కలదు. కావున గుమాస్తా చెప్పిన చోటనెల్ల సంతకము చేయక, తాను దేనికి ప్రమాణము చేయుచున్నాడో చదివించుకొని చేయవలెనని మనవారికి నా మనవి.

రెండవ కమిటీ

ఇక అసలు సంగతికి వచ్చుచున్నాను. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతములలో ఇల్లు కట్టదలచినవాడు పంచాయతీ కచేరీకంటె ముందు ఎవరి గడప త్రొక్కునో ఈ సభలోనివారికి నేను చెప్పనక్కఱలేదు. గ్రామాభివృద్ధి కమిటీ యను పేరుగల సభ మన పల్లెలయందు చిరకాలముగా నడచుచున్నది. ప్రతికులమునుండియు పెద్దలు అందు కూర్చుందురు. గుడి కట్టించుట, బడికి గది వేయించుట, త్రాగునీరు, పంటకాపలా మున్నగు మంచిపనులు అవి పెక్కు చేసినవి, కాదనువాడు కృతఘ్నుడు. సర్కారు సొమ్ము రానినాడు ఊరిని నిలిపినవి అవియే. 2024 ఫిబ్రవరిలో పంచాయతీ పాలకవర్గముల గడువు తీఱి ప్రత్యేకాధికారుల పాలన నడచినప్పుడు, ఊరిలో జనులకు కనబడు పెద్దఱికము ఈ కమిటీలదే.

కాని కల్లు, మద్యము, ఇసుక, మాంసము మున్నగువాని అమ్మకపు హక్కులకు వేలము వేయుట, అడిగిన సొమ్ము కట్టనివారికి జరిమానా విధించుట, ఒప్పుకొనని కులమును కులముగానే వెలివేయుట కూడ ఈ కమిటీలలో కొన్నిటివలన జరిగినదని వార్తాపత్రికలలోను, పోలీసు కేసులలోను పలుమారులు వెల్లడియైనది. వెలి యనగా నేమి? కూలికి పిలువరు, అంగడిలో సరకు ఇయ్యరు, మాటలాడినవానికి జరిమానా. అట్టి శక్తిగల సభ ఇల్లు కట్టుకొమ్మనిన కట్టవచ్చును, వలదనిన చట్టము అనుమతించినను మేస్త్రీ రాడు, ఇసుకబండి రాదు.

ఆ కమిటీకి చట్టమిచ్చిన యధికారము లేదు. అందు దరఖాస్తు లేదు, రసీదు లేదు, కారణము వ్రాసిన ఉత్తరువు లేదు, పైకి అప్పీలు లేదు. ఒక్క రాత్రిలో తగవు తీరునని కొందఱు మెచ్చుకొందురు. ఒక్క రాత్రిలో తీరినది సాక్ష్యము మిగులక తీరును. రేపు తీర్పు తిరుగబడినచో చూపుటకు చేతిలో కాగితముండదు. పంచాయతీ ఆలస్యము చేసినచో అడుగుటకు మార్గము కలదు. పెద్దఱికము అన్యాయము చేసినచో అడుగుటకు మార్గము లేదు. ఇదియే భేదము.

షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని సాంఘికముగగాని ఆర్థికముగగాని వెలివేయుట 1989 సంవత్సరపు అత్యాచార నిరోధక చట్టమునకు 2015 సంవత్సరమున చేసిన సవరణవలన స్పష్టముగా నేరమైనది. మన పొరుగునున్న మహారాష్ట్రము ఒకడుగు ముందుకు వేసి, ఏ కులమువారినైనను వెలివేయుట నేరమని 2016 సంవత్సరమున శాసనము చేసి 2017 నుండి అమలుపఱచినది. మూడేండ్లవఱకు కారాగారమో, లక్ష రూపాయలవఱకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును.

ఈ మాట మన సంఘమునకు ఏల చెప్పవలసివచ్చెను? ఆ కమిటీలలో కూర్చున్నవారు పరాయివారు కారు. ప్రతికులమునుండి పెద్దలున్నారన్నప్పుడు మన పెద్దలును ఉన్నారు. ఈ యేడు పరులను వెలివేయు కాగితముపై వ్రేలిముద్ర వేసిన కులమునకు, వచ్చుయేడు తనవంతు వచ్చినప్పుడు న్యాయము అడుగు నోరుండదు.

అన్యదేశపు నిదర్శనము

ఇంగ్లండు దేశమున 1947 సంవత్సరపు చట్టము కట్టడముల అనుమతిని స్థానిక సభల చేతికిచ్చినది. అచ్చట దరఖాస్తు వచ్చినంతనే ఇరుగుపొరుగులకు తెలుపుదురు. చిన్న దరఖాస్తులను ఉద్యోగులే తేల్చుదురు. వివాదము గలవి కమిటీ యెదుటికి వచ్చును. ఉద్యోగి తన యభిప్రాయమును కారణములతో వ్రాసి ముందే బయటపెట్టును. కమిటీ విచారణ ప్రజలు చూచుచుండగా జరుగును. వెలుతురు, బాట, రొద, మురుగు మున్నగు ఆక్షేపణలనే లెక్కింతురు. దరఖాస్తుదారుడు మంచివాడా చెడ్డవాడా యనునది లెక్కకు రాదు. త్రోసివేసినచో కారణము వ్రాసి యియ్యవలెను. దానిపై అప్పీలు కలదు. సభ్యునికి ఆ విషయములో ధనసంబంధమున్నచో చెప్పి తప్పుకొనవలెను. తప్పుకొనక పాల్గొనుట 2011 సంవత్సరపు చట్టము ప్రకారము నేరము. ఆ దేశమున జాప్యములు లేవని గాని, పక్షపాతము లేదని గాని నేననను. చేసినపని కాగితముమీద కనబడవలెనన్న నియమమును మాత్రము మనము గ్రహింపదగును.

మన దేశమునను దీనికి సాధనము లేకపోలేదు. 2018 చట్టము గ్రామసభ రెండు నెలలకొకమారు జరుగవలెనన్నది. 2005 సంవత్సరపు సమాచారహక్కు చట్టము ప్రకారము ఏ దరఖాస్తు యెందులకు ఆగినదో అడిగినచో 30 దినములలో జవాబు చెప్పవలెను. గ్రామస్థాయి కచేరీలో ఆ యర్జీకి రుసుమే లేదు. ఊరకనే దొఱకు నీ యాయుధమును విడిచి మనము సిఫారసుకై తిరుగుచున్నాము.

మనము చేయవలసినది

మొట్టమొదట సంఘభవనము మాట. ఏ కులసంఘమైనను నేడు భవనము తలపెట్టును. ముందు పునాదిరాయి, పిమ్మట చందాలు, గోడలు లేచినపిదప అనుమతిమాట. ఖాళీగానున్న ఊరుమ్మడి స్థలము కనబడినచో అది మనకే యియ్యవలెనని వాదించుట పరిపాటియైనది. పోషకులారా! మీ ధనము దావాలోని గోడలపై పోయుటకు మీరు ఈయలేదు గదా! మన భవనపు దరఖాస్తు ఊరిలో నందఱి దరఖాస్తులకంటె నియమబద్ధముగా నుండవలెను. అప్పుడే బీదవాని పక్షమున మాటలాడు హక్కు మనకు కలుగును.

రెండవది స్థలములు కొనుట. అనుమతి లేని లేఅవుటులో చౌకగా వచ్చినదని కొన్నవారు పెక్కుమంది కలరు. 2020 సంవత్సరపు క్రమబద్ధీకరణ పథకమున అర్జీకే 1000 రూపాయలు కట్టిరి. అమ్మినవాడు ఆటస్థలము విడువకపోయినందుకు, రిజిస్టరీనాటి స్థలపు విలువలో నూటికి 14 వంతున కొన్నవాడు చెల్లింపవలెనని నియమము పెట్టబడినది. అమ్మినవాడు మ్రింగిన నేలకు కొన్నవాడు వెల కట్టెను! కొనకముందు అనుమతిపత్రము చూడుడని చెప్పుట సంఘపు పని.

అట్లైన కులపెద్ద యెందులకని అడుగుదురు. అర్జీ వ్రాయరానివానికి వ్రాయించుటకు; నకలు తెప్పించుటకు; రసీదు ఇప్పించుటకు; త్రోసివేసినచో అప్పీలునకు దారి చూపుటకు. మావాడు గనుక ఇండు అని చెప్పుటకు మాత్రము కాదు. నిబంధన ప్రకారము ఇండు అని చెప్పగలవాడే పెద్ద.

కావున ఈ మహాసభవారి యెదుట నాలుగు తీర్మానములు ఉంచుచున్నాను.

1. అనుమతిపత్రము చేతికి రానిదే సంఘభవనమునకు శంకుస్థాపనగాని, చందా వసూలుగాని చేయరాదు.

2. పంచాయతీలోగాని, గ్రామాభివృద్ధి కమిటీలోగాని ఉన్న మన సభ్యులు తమయు తమ బంధువులయు దరఖాస్తుల విచారణలో కూర్చుండరాదు.

3. ఏ కులమువారిని వెలివేయు తీర్మానముపైనను మన పెద్దలెవ్వరును సంతకము చేయరాదు. చేసినవారికి ఈ సంఘమున పదవి యుండరాదు.

4. ప్రతిగ్రామమున చదువుకొన్న యువకులిద్దఱు, యువతులిద్దఱు కులభేదము చూడక ఇంటి దరఖాస్తులు వ్రాసిపెట్టు పనికి నియమింపబడవలెను.

మూడవది చేదుమందని యెఱుగుదును. దానిని ఒప్పుకొన్న పెద్దలకు తమ ఊళ్లలో కొంతకాలము కష్టము కలుగవచ్చును. అట్టివారికి సంఘము అండగా నిలుచునని ఈ సభలోనే వాగ్దానము చేయవలెను. లేనిచో తీర్మానము కాగితమునకే పరిమితమగును.  తీర్మానములను సభవారి యోటునకు పెట్టవలసినదిగా అధ్యక్షులవారిని వేడుచున్నాను.