చాకిరీ వ్యాయామం కాదు
(పాపన్నపేటలో మహిళా కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



వ్యాయామం చేస్తే మనసు తేలికపడుతుందని ఎవరైనా అంటే, "రోజంతా వంగి నాట్లేసే మాకు ఇంకా వ్యాయామం దేనికి?" అంటారు మన స్త్రీలు. ఘనపురం ఆనకట్ట నీళ్లతో వరి పండే ఈ ప్రాంతంలో ఆ ప్రశ్న న్యాయమైనదే.

సమాజశాస్త్ర పరిశోధకురాలిగా నా జవాబు ఒక్కటే: చాకిరీ వేరు, వ్యాయామం వేరు. రెండింట్లోనూ ఒళ్లు అలుస్తుంది. కానీ నాట్లలో ఎప్పుడు వంగాలో, ఎప్పుడు ఆగాలో మన చేతిలో ఉండదు. అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో వెలువడింది. తీరిక వేళ నడిచేవారిలో, ఆడుకునేవారిలో మానసిక బాధలు తక్కువగా కనిపించాయి. ఇంటిపని వల్ల అలాంటి మేలు కనిపించలేదు. బతుకుతెరువు కోసం పడే శారీరక శ్రమ ఎక్కువైన చోట మానసిక బాధలు కూడా ఎక్కువగానే ఉన్నాయి. 218 ప్రయోగాలను పరిశీలించి 2024లో వచ్చిన మరో సమీక్ష నడక, యోగా వంటివి డిప్రెషన్‌ను తగ్గిస్తాయని తేల్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు అంటోంది. అంటే రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. మరి ఆ అరగంట మనకెక్కడిది? జీతంలేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2019లో ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే చెప్పింది. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. అయిదేళ్లలో మనకు పది నిమిషాలు మిగిలితే, మగవాళ్లకూ తొమ్మిది మిగిలాయి! తీరిక కూడా ఆస్తి లాంటిదే. దాని పంపకంలోనూ మనకు అన్యాయమే జరుగుతోంది.

ఇంకో మాట. కొట్టే భర్త, తీరని అప్పు, అందని కూలి ఉన్నచోట "కాస్త నడవమ్మా" అని చేతులు దులుపుకోవడం మోసం. నడక మొదలుపెట్టామని మందులు మానకూడదు. మానసిక వైద్యం పొందడం 2017 చట్టం మనకిచ్చిన హక్కు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు. ఈ నంబరు ప్రతి సంఘంలోనూ చెప్పండి.

బతుకమ్మ తొమ్మిది రోజులూ చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ వీధిలో ఆడతాం. ఒళ్లూ మనసూ రెండూ తేలికపడతాయి. ఎక్కడికి పోయొచ్చావని ఎవరూ నిలదీయరు. మిగతా రోజుల్లో మాత్రం పనిలేకుండా బయట నడిచే ఆడది ఊరి కంట్లో పడుతుంది. ఒక్కరు నడిస్తే మాటలంటారు. పదిమంది కలిసి నడిస్తే అలవాటు పడతారు.

గ్రామసభలో వీధిదీపాలు అడుగుదాం. పల్లె ప్రకృతి వనంలో నడకదారి బాగుచేయమందాం. ఇంట్లో రోజూ ఆ అరగంట వంటపని మగవాళ్లకు అప్పజెబుదాం. ఈ మూడోదే అన్నిటికంటే కష్టం. అందుకే ముందు దానితోనే మొదలుపెడదాం.