సైకిలుకో చల్లని సీసా

రోహిణీ కార్తె ఎండలో మీ అమ్మాయి కొవ్వూరు నుంచి రాజమండ్రికి సైకిలు మీద ట్యూషనుకు వస్తోందనుకోండి. 1974లో తెరిచిన రోడ్డు-రైలు వంతెన మీద చెట్టునీడ ఎక్కడిది? వెంట నీళ్లు ఉండొద్దూ?

బజారు సీసా కొననక్కరలేదు. లీటరు కూల్‌డ్రింకు సీసా చాలు. మరిగే నీళ్లతో కడక్కండి, సొట్టపోతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లు చాలు. ఫినాయిలు పోసిన సీసా మాత్రం ఎంత కడిగినా వద్దు. పాత నూలుచీర ముక్కను గలేబులా కుట్టి తొడిగి, తడిపి, పంక్చరు షాపులో పారేసే ట్యూబు ముక్కలతో సైకిలు గొట్టానికి బిగించండి. తడి ఆరుతూ ఆరుతూ సీసాలోని వేడిని లాగేస్తుంది. మన మట్టికూజా గుణమే అది! సంచిలో దాస్తే గాలి తగలదు, చల్లబడదు.

ఇక లోపలికి: లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. చెంచా తలగొట్టి కొలవాలి సుమండీ, ఉప్పు ఎక్కువైతే కీడే. నిమ్మచెక్క పిండితే పిల్లలు మారాం చెయ్యరు. మజ్జిగ మంచిదేగాని ఎండకి పులుస్తుంది, పొద్దుటి ప్రయాణానికే పొయ్యండి.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

రాత్రి గలేబు విప్పి ఆరెయ్యండి, లేకపోతే ముక్కవాసన వేస్తుంది.